పారవేయడానికి పట్టిన ఖర్చు

చాకలి ఉబ్బ వేసే బానలో చౌడు కలపడం మన పల్లెలలో తరతరాలుగా ఉండిన ఆచారం. చౌటి నేలపై తెల్లగా పొంగిన మట్టిని గీకి తెచ్చి, నీళ్ళలో కలిపి, తేటను వంచుకొంటే బట్టకు పట్టిన జిడ్డు విరిగిపోతుంది. ఆ మట్టిలోని సారమే సోడా. గాజు కరిగించవలెనన్నా, సబ్బు వండవలెనన్నా, నూలుబట్టను మల్లెపూవువలె తేల్చవలెనన్నా అది లేనిదే పని జరుగదు. పశ్చిమ ఐరోపా దేశాలవారు మాత్రం ఆ సారాన్ని బూడిద నుండి తీసుకొనవలసి వచ్చేది. స్పెయిన్ తీరాన మొలిచే ఉప్పుమొక్కలను, స్కాట్లండు ఒడ్డుకు కొట్టుకొని వచ్చే సముద్రపు నాచును కాల్చి ఆ బూడిదను అమ్మేవారు. గాజుకు, సబ్బుకు, బట్టకు గిరాకీ పెరిగిన కొద్దీ బూడిద చాలలేదు. వంటింట్లో ఉండే ఉప్పు నుండే సోడాను తీసే ఉపాయం చెప్పినవారికి బహుమానమిస్తామని ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ప్రకటించినది.

ఆ ఉపాయాన్ని సాధించినవాడు నికొలాస్ లెబ్లాంక్. ఓర్లియన్స్ ప్రభువు వద్ద శస్త్రవైద్యుడు. 1791లో పేటెంటు పొంది, ప్రభువు పెట్టుబడితో పారిస్ చెంత సాన్ దెనీలో కార్ఖానా పెట్టినాడు. ఇంతలో విప్లవం ముదిరి 1793లో ప్రభువు శిరస్సు తెగినది, కార్ఖానా జప్తయినది. తరువాత నెపోలియన్ దానిని తిరిగి ఇప్పించినా, నడిపే స్తోమత లెబ్లాంక్‌కు మిగులలేదు. 1806లో ఆత్మహత్య చేసుకొన్నాడు. అతని పద్ధతి మాత్రం నూరేళ్ళకు పైగా బ్రతికినది. మనం చెప్పుకొనదలచినది ఆ పద్ధతి ఇచ్చిన సోడాను గురించి కాదు. దానితోపాటు పుట్టిన చెత్తను గురించి. దానిని ఎక్కడ పారవేయాలి, ఎంత ఖర్చుకు పారవేయాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న వ్యాజ్యం ఇంగ్లండులో మూడు తరాలు నడిచినది.

పద్ధతి వినడానికి సులభమైనదే. ఉప్పులో గంధకామ్లం పోసి కాచినప్పుడు ఒకవిధమైన లవణపుగడ్డ మిగులుతుంది. హైడ్రోజన్ క్లోరైడు అనే ఘాటైన వాయువు పైకి లేస్తుంది. ఆ గడ్డను సున్నపురాయితో, బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే నల్లని బూడిద వస్తుంది. దానిని నీటితో కడిగితే సోడా నీటిలోకి దిగుతుంది. మిగిలినది గంధకము, సున్నము కలిసిన నల్లని మడ్డి. ఎనిమిది టన్నుల సోడాకు అయిదున్నర టన్నుల వాయువు, సుమారు ఏడు టన్నుల మడ్డి లెక్క తేలుతుంది. అనగా అమ్ముకొనే సరుకు కంటె వదిలించుకొనవలసిన సరుకే అధికం. ఇట్టి వ్యాపారంలో లాభనష్టాలు అమ్మకపుచీట్లలో కంటె చెత్త పద్దులో ఎక్కువగా తేలుతాయనడం అతిశయోక్తి కాదు.

1820 ప్రాంతాల బ్రిటనులో ఉప్పుపై భారమైన పన్ను తొలగిపోయినది. చెషైరు గనుల ఉప్పు, లాంకషైరు బొగ్గు, లివర్‌పూల్ రేవు, మాంచెస్టరు బట్టల మిల్లులు, అన్నీ ఒక్క రోజు ప్రయాణంలో ఉన్నవి. జేమ్స్ మస్ప్రాట్ అనే ఐర్లండు వర్తకుడు మొదట లివర్‌పూల్‌లోను, 1828లో సెయింట్ హెలెన్స్‌లోను సోడా కార్ఖానాలు తెరచినాడు. వాయువును ఏమి చేసినారంటే, ఏమీ చేయలేదు. పొగగొట్టం గుండా పైకి వదిలినారు. ఆకాశానికి అద్దె లేదు గదా.

అద్దె లేకపోయినా బాకీ పడినది. ఆ వాయువు గాలి కంటె బరువైనది; తేమ తగలగానే ఆమ్లమై క్రిందికి దిగుతుంది. చుట్టుప్రక్కల కంచెచెట్లు మాడిపోయినవి, పైరు ఎర్రబారినది, గృహస్థుల ఇత్తడి గొళ్ళాలు చిలుము పట్టినవి. 1838లో లివర్‌పూల్ నగరసభ మస్ప్రాట్‌పై వ్యాజ్యం వేసినది. ప్రజలకు బాధ కలిగిస్తున్నాడని తీర్పు వచ్చినది. నగరం విడిచి న్యూటన్‌కు పోయినా అక్కడి భూస్వాములు విడువలేదు. దావాల వలన విసిగి ఆ కార్ఖానాను కూడ మూసివేయవలసి వచ్చినది. ఇతరులు పొగగొట్టాల ఎత్తు పెంచినారు. గ్లాస్గో నగరంలో టెనెంట్ కంపెనీవారు 1842లో కట్టిన గొట్టం 435 అడుగులకు పైబడినది. ఆ రోజులలో దానిని చూడడానికి జనం వచ్చేవారట. కాని ఎత్తు పెరిగినంత మాత్రాన వాయువు మాయం కాదు. ఇంటి ప్రక్కవాని పొలంలో పడవలసినది రెండు క్రోసుల అవతలివాని పొలంలో పడుతుంది. దూరం పెరిగిన కొద్దీ ఫిర్యాదు బలం తగ్గుతుందే గాని నష్టం తగ్గదు. గొట్టం కట్టడానికయిన ఇటుకల ఖర్చును ఒక రకమైన కోర్టు ఖర్చుగానే లెక్కించడం న్యాయమని మాకు తోస్తున్నది.

ఈ చిక్కుకు తగిన ఉపాయం అప్పటికే దొరికి ఉన్నది. వూస్టర్‌షైరులో స్టోక్ ప్రయర్ అనే చోట విలియం గాసెజ్ అనే సోడా తయారీదారు ఉండేవాడు. అతని కార్ఖానా వద్ద పాడుబడిన గాలిమర ఒకటి ఉన్నది. దాని లోపల ముళ్ళకంపను, పొదలను దట్టంగా కూరి, పైనుండి నీరు చిలికించి, క్రిందినుండి వాయువును పంపినాడు. కంప అంతటా పరచుకొన్న పలుచని నీటిపొరలో వాయువు కరిగి, ఆమ్లమై అడుగున కారినది. 1836లో పేటెంటు తీసుకొన్నాడు. తరువాత కంపకు బదులు కోకు బొగ్గు నింపిన గోపురాలు వచ్చినవి. పని మాత్రం అదే.

ఇంత చవుక ఉపాయం చేతిలో ఉండగా అందరూ దానిని ఎందుకు పట్టలేదని శ్రోతలు అడుగవచ్చును. గోపురానికి కట్టుబడి ఖర్చున్నది, నీరు కావలెను, చూడడానికి మనిషి కావలెను. ఇంత చేసి పట్టిన ఆమ్లాన్ని కొనేవాడు లేడు. కనుక గోపురం కట్టినవారిలో కూడ చాలమంది ఆమ్లాన్ని వాగులోకి వదిలినారు. చెట్లకు తప్పిన చావు చేపలకు వచ్చినది. సెయింట్ హెలెన్స్ మీదుగా పోయే సాంకీ వాగులో ఈ ఆమ్లము, మడ్డి దిబ్బల నుండి ఊరిన నీరు కలిసినప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్ల కంపు కొట్టే విషవాయువు లేచేది. ఒకే కార్ఖానా నుండి పుట్టిన రెండు చెత్తలు వాగులో కలుసుకొని మూడవదానిని కన్నవి.

కోర్టు భయముండగా ఇట్లెందుకు జరిగినదన్న ప్రశ్నకు సమాధానం అర్థశాస్త్రంలో కంటె సాక్ష్యపు చట్టంలో దొరుకుతుంది. ఊరికి ఒక్క కార్ఖానా ఉన్నంతవరకు రైతు దావా గెలుస్తాడు. ఇరవై గొట్టాలు ఒక్కచోట లేచిన పిమ్మట, నా కంచెను మాడ్చినది ఫలానావాని పొగ అని నిరూపించడం ఎవరి తరం? ప్రతివాడును ప్రక్కవాని గొట్టం చూపుతాడు. కొందరు యజమానులు చుట్టుప్రక్కల రైతులకు ఏటేటా ఇంత అని పరిహారం ముట్టచెప్పి ఊరుకొన్నారు. గోపురం కంటె అదే చవుక అనిపించినప్పుడు అట్లు చేయడం వారి దృష్టిలో వివేకమే. ఈ చిక్కు మనవారు ఎరుగనిది కాదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరు కార్ఖానాల మురుగు నక్కవాగులో పడి ఆ వెంటనున్న పల్లెల బావులను, పొలాలను చెరచినప్పుడు, ఏ కార్ఖానా నీరు ఏ మడిని పాడుచేసినదో తేల్చలేని స్థితిలోనే ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కినది. చిన్న కార్ఖానాలు ఒక్కొక్కటీ శుద్ధిశాల కట్టుకొనలేవు గనుక అందరికీ కలిపి ఒక ఉమ్మడి శుద్ధిశాల అనే మార్గం అక్కడ వచ్చినది. అది వేరొక కథ. దానికి వేరొక ప్రసంగమే కావలెను.

లాంకషైరులో ఈ స్థితిని మార్చినవారు పేదరైతులు కారు. సెయింట్ హెలెన్స్ ప్రక్కనే నోస్లీ ఎస్టేటు ఉన్నది. దాని యజమాని డర్బీ ప్రభువు, అప్పటికి రెండు పర్యాయాలు ప్రధానమంత్రిగా ఉన్నవాడు. ఆయన చెట్లు కూడ మాడినవి. 1862లో ఆయన చొరవతో ప్రభువుల సభ ఒక సంఘాన్ని నియమించినది. యజమానులు, వైద్యులు, తోటల అధికారులు వచ్చి సాక్ష్యాలిచ్చినారు. గోపురంతో వాయువును దాదాపు పూర్తిగా పట్టవచ్చునని యజమానుల నోటనే తేలినది. మరుసటి యేడు, అనగా 1863లో, సోడా కార్ఖానాల చట్టం పుట్టినది. పుట్టిన హైడ్రోజన్ క్లోరైడులో నూటికి 95 వంతులు పట్టి తీరవలెనన్నది దాని శాసనం. మొదట అయిదేళ్ళకని చేసిన ఆ చట్టాన్ని 1868లో శాశ్వతం చేసినారు.

చట్టాలకు కొరత ఏ దేశంలోను లేదు. దీని విశేషం దీని ఇనస్పెక్టరులో ఉన్నది. రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయనవేత్తను, ఆయన క్రింద నలుగురు సహాయకులను నియమించినారు. స్మిత్ దండోపాయాన్ని నమ్మినవాడు కాడు. గోపురం ఎక్కడ కారుతున్నదో, నీరు ఎక్కడ చాలడం లేదో యజమానికి చూపి, సరిదిద్దుకొనే మార్గం తానే చెప్పేవాడు. ఇట్టి మెతకదనం వలన ఇనస్పెక్టరు యజమానులకు చుట్టమవుతాడన్న విమర్శ అప్పుడూ వినిపించినది, ఇప్పుడూ వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. అయినా మొదటి సంవత్సరపు లెక్కలు చూడండి. చట్టం నూటికి అయిదు వంతులు తప్పిపోవడానికి అనుమతించగా, సగటున తప్పిపోయినది రెండు వంతుల లోపే. ఇన్నాళ్ళు అసాధ్యమన్నది ఒక్క యేడాదిలో సాధ్యమయినది! స్మిత్ 1884లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. 1872లో ఆయన ప్రచురించిన గ్రంథం వలననే ఆమ్లవర్షమన్న మాట వాడుకలోకి వచ్చినది.

కాని నూటికి ఇంత అని కట్టిన లెక్కలో ఒక లొసుగున్నది. కార్ఖానాలు రెట్టింపయితే, తప్పిపోయే రెండు వంతులు కూడ రెట్టింపవుతాయి. 1874 చట్టం అందుకే ఘనపు అడుగు పొగలో ఇన్ని గ్రెయినులకు మించి ఆమ్లం ఉండరాదని వేరొక కొలత పెట్టినది. ఆచరణకు వీలైన మార్గాలలో ఉత్తమమైనదానిని యజమాని అనుసరించి తీరవలెనని కూడ చెప్పినది. వీలు అనే మాటలో ఖర్చు కూడ ఇమిడి ఉన్నది. ఎంత ఖర్చు వరకు వీలు, ఎక్కడ దాటితే వీలు కాదు అని అప్పుడు మొదలయిన వాదం ఈనాటి వరకు తెగలేదు.

పట్టిన ఆమ్లం సంగతికి వద్దాం. కథకు ఇదే ఆయువుపట్టు. ఆమ్లం నుండి క్లోరిన్ తీసి, సున్నంలోకి పంపితే బ్లీచింగ్ పౌడరు అవుతుంది. ఈ పొడిని గ్లాస్గోకు చెందిన టెనెంట్ 1799లోనే పేటెంటు చేసి ఉన్నాడు. అంతకుపూర్వం బట్టలను నెలల తరబడి పచ్చికపై ఎండవేసి తెల్లబరచేవారు. 1861లో బ్రిటను కాగితంపై పన్ను రద్దు చేయగా పత్రికలు, పుస్తకాలు వెల్లువగా వచ్చినవి. కాగితపు మిల్లులు గడ్డి గుజ్జును తెల్లబరచడానికి ఈ పొడి కోసం ఎగబడినవి. అయితే క్లోరిన్ తీయడానికి వాడే మాంగనీసు ఖనిజం ప్రతిసారీ వృథా అయ్యేది. వాల్టర్ వెల్డన్ అనే పత్రికారచయిత, రసాయనశాస్త్రం బడిలో చదువనివాడు, ఆ మాంగనీసును సున్నంతో మరల బ్రతికించే విధానాన్ని 1866లో పేటెంటు చేసినాడు. విడ్నెస్‌లోని హెన్రీ డీకన్ 1868లో మాంగనీసే అక్కరలేని మరొక మార్గం చూపినాడు. అంతటితో పద్దు తలక్రిందులయినది. నిన్నటివరకు ఎవరైనా తీసుకొనిపోతే చాలుననుకొన్న ఆమ్లం నేడు సరుకు. దానిని గాలికి వదిలినవాడు ఇరుగుపొరుగువారికే కాక తన పెట్టెకు కూడ నష్టం తెచ్చుకొన్నట్టే.

దీనిని చూసి, లాభాపేక్షయే లోకాన్ని శుభ్రపరుస్తుందని ఆ రోజులలో కొందరు వ్రాసినారు. కాలక్రమం చూస్తే మాకు అట్లు తోచదు. గోపురాలను అందరిచేత కట్టించినది 1863 చట్టం. వెల్డన్, డీకన్‌ల విధానాలు ఆ తరువాతివి. ఎవరూ కొనని ఆమ్లం ప్రతి కార్ఖానా పెరటిలోను పేరుకొన్నందుననే దానికి ఉపయోగం వెదకవలసిన అగత్యం అంతగా ఏర్పడినది.

ఈ లెక్కలన్నిటిలో ఒక పద్దు ఎక్కడా కనబడదు. ఉప్పు కాచే మూకుళ్ళ వద్ద నిలిచిన కూలీల పండ్లు ఆమ్లపు ఆవిరికి కరిగిపోయేవి. బ్లీచింగ్ పౌడరు నింపేవారు నోటికి మడతలు మడతలుగా ఫ్లానెలు గుడ్డ కట్టుకొని, ఆ గుడ్డలోనుండి ఊపిరి తీస్తూ గదిలోకి దిగేవారు. 1863 చట్టం గొట్టపు కొస నుండి బయట పడేదానిని కొలిచినది గాని, కొలిమి వద్ద మనిషి పీల్చేదానిని కొలువలేదు. ప్రభువుగారి చెట్లకు దొరికిన రక్షణ ఐర్లండు నుండి పొట్టకూటికి వచ్చిన కూలీకి దొరకలేదు.

ఇక మడ్డి. వాయువు ఎగిరిపోతుంది, ఆమ్లం కొట్టుకొనిపోతుంది. మడ్డి ఎక్కడికీ పోదు. గాలిగూ అని అక్కడి జనం దానిని పిలిచేవారు. విడ్నెస్, సెయింట్ హెలెన్స్ ఊళ్ళ చుట్టు అది కొండలుగా పెరిగినది. వాన కురిసినప్పుడు పచ్చని రసం కారేది. ఎండకు లోలోపల కాగి పొగలు వచ్చేవి. నదీతీరపు పల్లపు నేలలు కొని, వాటిని ఈ మడ్డితో పూడ్చి మెరక చేయడమే యజమానులకు అన్నిటికంటె చవుకగా తోచినది. ఆ మెరకలపైనే రైలుదారులు, కార్ఖానాలు, మరికొన్నిచోట్ల ఇళ్ళు కూడ లేచినవి.

మడ్డిలో ఉన్న గంధకం యజమానుల సొంత డబ్బే. గంధకామ్లం చేయడానికి కొన్న గంధకమంతా చివరకు ఆ దిబ్బలలోకే చేరుతున్నది. దానిని తిరిగి రాబట్టరాదా? ఈ ఆశ రాజుకొనడం, చల్లారడం అంతా గంధకపు ధరపై ఆధారపడి ఉండినది. 1838లో నేపుల్స్ రాజు సిసిలీ గంధకంపై గుత్తాధికారం ఒక ఫ్రెంచి కంపెనీకి ఇవ్వగా టన్ను అయిదు పౌన్ల నుండి పదునాలుగు పౌన్లకు ఎగబ్రాకినది. అప్పుడు యజమానులు మడ్డివైపు చూచినారా అంటే, లేదు. పైరైటు అనే ఇనుప గంధకపు రాతివైపు చూచినారు. ఆ రాయి చవుకగా దొరికినంతకాలం దిబ్బలోని గంధకాన్ని తీయడం దండుగ. ధర దిగివచ్చినా సిసిలీకి పాత వ్యాపారం తిరిగి రాలేదు, మడ్డికి విమోచనం రాలేదు. పైగా పైరైటుతోపాటు ఆర్సెనిక్ విషం కూడ కార్ఖానాలోకి వచ్చి, కొంత దిబ్బలలోకి చేరినది.

గోపురం కట్టిన గాసెజ్ ఈ పనికి కూడ పూనుకొన్నాడు. ఏళ్ళ తరబడి ప్రయత్నించినా ఖర్చుకు మించిన ఫలితం రాలేదు. అతనికి ధనం తెచ్చినది విడ్నెస్‌లో వండిన సబ్బు. జర్మనీ నుండి వచ్చిన లుడ్విగ్ మోండ్ అనే యువకుడు 1860లలో హచిన్‌సన్ కార్ఖానాలో కొంత భాగం గంధకం తీసి చూపినాడు. పూర్తి విజయం 1888 ప్రాంతంలో ఓల్డ్‌బరీకి చెందిన అలెగ్జాండర్ చాన్స్‌కు దక్కినది. సున్నపు బట్టీలోనుండి వచ్చే వాయువునే మడ్డిలోకి పంపి, గంధకాన్ని కుళ్ళువాసన వాయువుగా వెడలించి, దానిని క్లౌస్ కనిపెట్టిన కొలిమిలో కొలతగా గాలి ఇచ్చి కాల్చితే, శుద్ధమైన గంధకం దిగేది. యాభై యేళ్ళుగా వెదకిన ఉపాయం!

అప్పటికి ఆలస్యమయినది. బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే 1861లో వేరొక పద్ధతి పేటెంటు చేసినాడు. ఉప్పునీటిలో అమ్మోనియా కలిపి, సున్నపురాయి నుండి వచ్చే వాయువును పంపి సోడా దించడం దాని సారం. అమ్మోనియా తిరిగి చేతికి వస్తుంది, గంధకం అక్కరలేదు, నల్లమడ్డి లేదు. మిగిలేది కాల్షియం క్లోరైడు నీరు. అది నదులకు మేలు చేసేదని అనలేము గాని, గాలిగూతో పోల్చదగినది కాదు. ఇంగ్లండులో ఈ పద్ధతిని 1873లో తెచ్చినవారు ఎవరు? మడ్డినుండి గంధకం తీసిన ఆ మోండ్, అదే హచిన్‌సన్ కచేరీలో పనిచేసిన జాన్ బ్రన్నర్. పాత పద్ధతి చెత్త పద్దును లోపలినుండి చూచినవారే దానికి ఎసరు పెట్టినారు.

అయినా లెబ్లాంక్ కార్ఖానాలు వెంటనే మూతపడలేదు. సాల్వే పద్ధతిలో క్లోరిన్ దొరకదు. కనుక సోడాలో నష్టపోతున్న పాతవారు బ్లీచింగ్ పౌడరుపై బ్రతికినారు. ఒకనాడు గాలికి వదిలిన వాయువే ఇప్పుడు ఇంటి యజమాని. సోడా దాని వెంట వచ్చే చుట్టం. 1890లో వారంతా కలిసి యునైటెడ్ ఆల్కలీ కంపెనీగా ఏర్పడినారు. విద్యుత్తుతో ఉప్పునీటిని చీల్చి నేరుగా క్లోరిన్ తీసే కార్ఖానా 1897లో విడ్నెస్‌కు ఎదురుగా, నదికి ఆవలి గట్టున రంకార్న్‌లో తెరువగా ఆ చివరి ఆధారమూ సడలినది. చాన్స్ చూపిన చక్కని ఉపాయం, శుభ్రపరచవలసిన పద్ధతి తానే నశిస్తున్న రోజులలో, కొద్దికాలమే ఫలించినది. యునైటెడ్ ఆల్కలీ 1926లో బ్రన్నర్ మోండ్‌తోను మరి రెండు సంస్థలతోను కలిసి ఐ.సి.ఐ.లో లీనమయినది.

దిబ్బలు మాత్రం మిగిలినవి. వాటిని పోసిన కంపెనీలు లేవు, లాభం పంచుకొన్న వాటాదారులు లేరు. 1970ల నుండి విడ్నెస్‌లో ప్రభుత్వధనంతో ఆ నేలలను చదునుచేసి, పైన మంచి మట్టి పరచి, చెట్లు నాటినారు. హచిన్‌సన్ తొలి కార్ఖానా ఉండిన స్పైక్ ఐలండు ఇప్పుడు ఉద్యానవనం. దాని చెంతనే గాసెజ్ సబ్బు కంపెనీవారి పాతభవనం రసాయన పరిశ్రమల మ్యూజియంగా నిలిచి ఉన్నది. ఆ ఊళ్ళో క్రొత్తగా పునాదులు త్రవ్వేవారికి ఈనాటికీ గాలిగూ తగులుతుంది. తగిలినప్పుడు ఆ మట్టిని పరీక్షకు పంపి, ఎక్కడికి తరలించాలో, తరలించడానికి ఎంతవుతుందో లెక్క వేసుకొన్న తరువాతనే ఇటుక పేరుస్తారు.